పోన్సోకి బదులు రెనాంతె

పంతలాన్ పేటతో బాస్కెట్‌బాల్ మ్యాచ్ మొదలై ఆటగాళ్లకు ఇంకా చెమటైనా పట్టలేదు, అప్పుడే రక్తం కారింది. పంతలాన్ వాడొకడు శాన్ తెల్మో పేట కుర్రాణ్ణి భుజంతో గుద్ది సిమెంటు స్తంభానికేసి కొట్టాడు. కుర్రాడి నుదురు చిట్లింది. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునేలోపే పోన్సో అక్కడికి వచ్చేశాడు. పోన్సోకి ఎగరడం రాదు, పరిగెత్తడం రాదు, బంతి చేతికొస్తే దాన్నేం చేసుకోవాలో తేల్చుకునేసరికి ఎదుటివాడు లాక్కుపోతాడు. కానీ తన జట్టువాడి మీద చెయ్యి పడిందా, ఆ మనిషి ఎక్కడున్నా వచ్చి వాలతాడు. మోచేత్తో ఒక్కటే ఇచ్చాడు. పంతలాన్ వాడి దవడ ఎండుచేపను విరిచినట్టు టక్కుమంది. వాడు నేలమీద పడి పళ్లు ఉమ్మాడు.

ఖర్మ ఏమిటంటే, ఆ దవడ కపితాన్ ఉర్బానో మేనల్లుడిది. ఉర్బానో పంతలాన్ పేటకు ఎన్నికైన పెద్ద. పడవలున్నవాడు, పడవలకంటే ఎక్కువగా మనుషులున్నవాడు. కుర్చీ మీదికెక్కి, "ఆ ఎద్దుని పట్టండ్రా! కొమ్ములు విరిచి నా కాళ్ల దగ్గర పడెయ్యండి!" అని అరిచాడు. ఇంకేముంది, పేటకు పేట కోర్టులోకి దూకింది. సీసాలు, చెప్పులు, ఐసుగడ్డలు, ఆఖరికి గంట కొట్టే ఇనుప రేకు కూడా గాల్లోకి లేచాయి. శాన్ తెల్మో కోచ్ డెల్ఫిన్ పోన్సోకి సొంత అన్న. అతను ఒకడి జుట్టు పట్టుకుని ఇంకొకడి ముక్కుకేసి కొట్టి, ఆ సందులోంచి తమ్ముణ్ణి బయటకు ఈడ్చాడు. చేపల లారీ ఎక్కి బతుకుజీవుడా అని పారిపోయారు. రాళ్లు ఇంటిదాకా తోడొచ్చాయి.

అయితే లారీ ఎక్కబోతూ డెల్ఫిన్ ఒకసారి వెనక్కి తిరిగాడు. అంత గలాటాలోనూ పంతలాన్ జట్టు కుర్రాడొకడు ఇవతలి బుట్ట కింద ఒంటరిగా నిలబడి బంతి వేసుకుంటున్నాడు. ఒక సీసా వాడి చెవి పక్కనుంచి పోయింది. వాడు తల కొద్దిగా వంచి మళ్లీ వేశాడు. బంతి బుట్ట అంచునైనా తాకకుండా దిగింది. వాడి పేరు రెనాంతె, పందొమ్మిదేళ్లు. అలాంటి ఆటగాణ్ణి ఆ ఓడరేవు చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు.

శాన్ తెల్మో జట్టు సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. ఒకప్పుడు గొప్ప జట్టే. అందులో కొందరు ఓడల మీద పనికి పోయారు, కొందరికి పొట్టలొచ్చాయి, ఒకడు జైల్లో ఉన్నాడు. మిగిలింది మీసాలు సరిగా మొలవని పిల్లలు, వాళ్లకు కాపలాగా పోన్సో. "జట్టుని మళ్లీ మొదట్నుంచీ కడుతున్నాం, కాస్త ఓపిక పట్టండి" అని డెల్ఫిన్ పేటంతా చెప్పుకుంటూ తిరిగేవాడు. "పునాది తవ్వుతున్నావో గొయ్యి తవ్వుతున్నావో చెప్పి తవ్వవయ్యా!" అని చేపలు కోసే ఆడవాళ్లు వెక్కిరించేవాళ్లు.

రెండు రోజులకల్లా రేవులో ఒక వార్త గుప్పుమంది. మేనల్లుడి దవడ విరుగుతుంటే బంతి ఆడుకుంటున్నందుకు ఉర్బానో పేటంతటి ముందు రెనాంతె చెంప పగలగొట్టాడట. కుర్రాడు ఏడవలేదట, తిట్టలేదట. జెర్సీ విప్పి కపితాన్ కాళ్ల దగ్గర పెట్టి, "ఇంక మీకు ఆడను" అన్నాడట. సాయంత్రానికి ఉర్బానో మనిషి డెల్ఫిన్ దగ్గరకొచ్చాడు. "కపితాన్ మాట. కుర్రాణ్ణి నువ్వు తీసుకో, ఎద్దుని మాకివ్వు."

మర్నాడు తెల్లవారుజామున చేపల వేలం అయ్యాక, గంజి బండి చుట్టూ శాన్ తెల్మో మగవాళ్లందరూ చేరి దీని గురించే కొట్టుకున్నారు. కొట్టుకున్నారంటే మాటవరసకి కాదు, ఇద్దరు నిజంగానే గిన్నెలు విసురుకున్నారు.

"వాడు పసివాడ్రా! పదేళ్లు ఆడతాడు. వాడి చుట్టూ జట్టు కట్టుకోవచ్చు. పోన్సోకి ఇంకెన్నాళ్లుంది? మోకాళ్లు కిర్రుమంటున్నాయి."

"కట్టు, కట్టు. కట్టినదాన్ని కాపలా కాసేదెవడు, నీ బాబా? పోన్సో లేకపోతే మొదటి మ్యాచ్‌కే ఆ పసివాడి కాళ్లు కట్టెపుల్లలు చేస్తారు."

"అసలు వాళ్లకి పోన్సో ఎందుకురా, వెర్రిమొహమా? ఆడించడానికా? మేనల్లుడి దవడకి లెక్క తేల్చడానికి! తీసుకెళ్లి ముక్కలు కోసి ఐసులో పెడతారు."

ఆ ఆఖరి మాట డెల్ఫిన్ గుండెలో గుచ్చుకుంది. తమ్ముణ్ణి చేతులారా చావుకి పంపినవాడు అనిపించుకోవడం కంటే ఏడాదంతా ఓడిపోవడం నయం. అలాగని రెనాంతెని వదులుకోవడానికీ మనసు రాదు. కళ్లు మూస్తే చాలు, ఆ బంతి బుట్టలోకి దిగుతూనే ఉంటుంది. అతని భార్య మిలా చేప పొలుసులు దులుపుకుంటూ ఒక్కటే అంది. "నువ్వు ముందే నిర్ణయించేసుకున్నావ్. ఇంక పోన్సోకి ఏమీ కాదని నీకెవరైనా చెప్పాలి, అంతేగా? ఎవరు చెప్పినా నమ్ముతావ్."

ఆ చెప్పేవాడు ఉర్బానోయే అయ్యాడు.

డెల్ఫిన్ వెళ్లేసరికి కపితాన్ వరండాలో కూర్చుని పసిగుడ్డును ఒళ్లో ఆడిస్తున్నాడు. యాభై దాటాక, రెండో పెళ్లాం కడుపున పుట్టిన కొడుకు. వాణ్ణి చూసుకుంటుంటే ఆ మొరటు మొహం వెన్నలా కరిగిపోతోంది.

"కూర్చోవయ్యా. ఏంటి, నీ తమ్ముణ్ణి నేను చంపేస్తానని భయమా?"

"భయమే కపితాన్. మీరు చంపకపోయినా మీవాళ్లు ఊరుకోరు."

"ఒరే డెల్ఫిన్, నా మేనల్లుడు దద్దమ్మ. వాడి దవడకోసం అలాంటి మొనగాణ్ణి పాడు చేసుకుంటానా? ఒక్క దెబ్బతో పడగొట్టేవాడు నా జట్టులో ఉంటే ఈ ఏడు తిరనాళ్ల కప్పు నాదే. నాకు పదేళ్ల తరవాత గెలిచే ఓపిక లేదయ్యా. ఇదిగో, వీడికి ఆదివారం జ్ఞానస్నానం. నీ తమ్ముడే జ్ఞానతండ్రి. అప్పుడు వాడు నాకేమవుతాడు?"

డెల్ఫిన్ ఊపిరి పీల్చుకున్నాడు. "కుంపారే అవుతాడు."

"నా కుంపారే మీద చెయ్యి వేసే మగాడు పంతలాన్‌లో ఇంకా పుట్టలేదు."

కుంపారే అంటే ఆ రేవులో ఆషామాషీ చుట్టరికం కాదు. ఒకడి బిడ్డను చర్చిలో చేతుల్లోకి తీసుకుని జ్ఞానతండ్రిగా నిలబడినవాడు ఆ బిడ్డ తండ్రికి కుంపారే. కుంపారేల మధ్య కత్తులు లేవవు. కుంపారే అడిగినదాన్ని కాదనడమూ ఉండదు. తండ్రి మాట దాటినవాళ్లున్నారు, పెళ్లాన్ని వదిలేసినవాళ్లున్నారు, కుంపారే మాట తీసెయ్యగా మాత్రం అక్కడెవరూ చూడలేదు. డెల్ఫిన్ ఇందులో మొదటి సగం విని పొంగిపోయాడు. రెండో సగం అతని బుర్రకెక్కలేదు. అక్కడికక్కడే చేతిలో చెయ్యేశాడు.

ఇంటికొచ్చేసరికి పోన్సో నేలమీద కూర్చుని అన్నంలో ఎండుచేప నంజుకుంటున్నాడు. అన్న ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పాడు. జ్ఞానస్నానం గురించి రెండుసార్లు చెప్పాడు. పోన్సో నమలడం ఆపి విన్నాడు.

"అంటే నన్ను మార్చేశావా కుయా?" అన్నాడు, ఆ రేవులో అన్నని పిలిచే పిలుపుతో.

"మార్చడం ఏంట్రా, పక్క పేటకేగా! ఏ పేటలో పడుకుంటే ఆ పేటకే ఆడాలనే నిబంధన లేకపోతే నువ్విక్కడే ఉండేవాడివి. నీకు అక్కడ ఏ లోటూ రాదు."

"లోటు గురించి కాదు." పోన్సో కంచం పక్కకి జరిపాడు. "పిల్లల్ని కొడితే ఎవరొస్తారు?"

"నేనున్నాగా."

ఆ మాటకి పోన్సో నవ్వాడు. అన్నను చూసి అలా నవ్వడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని, చాపా దిండూ చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మ పోయినప్పట్నుంచీ డెల్ఫిన్ చేతుల మీద పెరిగినవాడు. మిలా వీధి చివరిదాకా వెళ్లి సాగనంపి వచ్చి, మొగుడితో మాట్లాడకుండా దీపం ఆర్పేసింది.

మొదట్లో అంతా కలిసొచ్చింది, అబద్ధమెందుకు. రెనాంతె రావడంతోటే శాన్ తెల్మో పిల్లలకి రెక్కలొచ్చాయి. చేతకానివాళ్లనుకున్నవాళ్లు కూడా వాడి పక్కన నిలబడితే ఆటగాళ్లయిపోయారు. అయితే గెలిచిన ప్రతి మ్యాచ్‌కీ కుర్రాడు ఒళ్లు అప్పగించాల్సి వచ్చింది. పోన్సో లేడని అందరికీ తెలుసు. ఒకడు పక్కటెముకల్లో పొడిచాడు. ఒకడు గాల్లో ఉండగా కాలు లాగాడు. ఇంకొకడు తలతో గుద్దితే కనుబొమ చీలి కుట్లు పడ్డాయి. డెల్ఫిన్ బెంచి మీంచి లేచి బూతులు తిట్టడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. నేనున్నాగా అన్న పెద్దమనిషి! రెనాంతె నెత్తురు తుడుచుకుని వెళ్లి మళ్లీ బంతి వేసేవాడు. "నొప్పి లేదా?" అని డెల్ఫిన్ అడిగితే, "ఉంది కోచ్. ఆట తరవాత చూసుకుంటా" అనేవాడు.

అటు పంతలాన్ కూడా గెలుస్తూనే ఉంది. పోన్సో ఎవడి పక్కటెముకలు విరిచాడో, ఎవణ్ణి మోసుకెళ్లారో రోజూ రేవులో చెప్పుకునేవారు. పంతలాన్‌లో ఎవరూ అతని మీద ఈగైనా వాలనివ్వలేదు, కపితాన్ మాట నిలబెట్టుకున్నాడు. సెమీఫైనల్లో పంతలాన్, శాన్ తెల్మో ఎదురెదురు పడ్డాయి.

ఆ మ్యాచ్ రోజు పొద్దున్న పోన్సో రేవుకొచ్చాడు. చేపల తొట్ల మధ్య అన్నను పక్కకు లాగాడు. మనిషి చిక్కిపోయాడు.

"కుయా, రెనాంతెని ఈ రోజు ఆడించకు."

"ఏం?"

"కుంపారే ఒకటి అడిగాడు." పోన్సో ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు. "తనకి ఆడనివాడు ఇంకెవరికీ ఆడకూడదంట. మోకాలు తీసెయ్యమన్నాడు."

డెల్ఫిన్ చేతిలోని ఇనుప కొక్కెం కింద పడింది. "నువ్వేమన్నావ్?"

"ఏమంటా? బిడ్డని చేతుల్లో పెట్టి అడిగాడు. సరే అన్నా."

"సరే అన్నావా! ఒరే, సరే అన్నావా!" డెల్ఫిన్ తమ్ముడి చొక్కా పట్టుకుని తొట్టికేసి బాదాడు. చేపలు చెల్లాచెదురయ్యాయి. పోన్సో తలుచుకుంటే ఆ చేతుల్ని పుల్లల్లా విరిచేసేవాడే, కానీ చెయ్యెత్తలేదు. "పసివాడి కాలు తీస్తావా? బుద్ధి కూడా అక్కడే తాకట్టు పెట్టావా?"

"అందుకేగా చెప్పడానికొచ్చా. కూర్చోబెట్టెయ్, అయిపోతుంది."

"సెమీఫైనల్లో వాణ్ణి కూర్చోబెడితే పేట నన్ను బతకనిస్తుందా? నిన్నిచ్చి వాణ్ణి తెచ్చుకున్నా! దేనికి, బెంచి మీద బొమ్మలా పెట్టుకోవడానికా?"

పోన్సో వంగి, కింద పడ్డ కొక్కెం తీసి అన్న చేతిలో పెట్టాడు. "అయితే నాకొదిలెయ్" అన్నాడు.

"నీకొదిలెయ్యడమే నేను చేసిన తప్పు. ఫో!"

ఆ మధ్యాహ్నం కోర్టు చుట్టూ రేకుల కప్పు మీద కూడా జనం ఎక్కారు. మొదట్నుంచీ ఆట కాదు, కొట్లాటే. పంతలాన్ వాళ్లు శాన్ తెల్మో పిల్లల కాళ్ల మీద తొక్కారు, కళ్లలో వేళ్లు పెట్టారు. ఒకడి ముక్కు బద్దలై జెర్సీ ముందంతా ఎర్రబడింది. పోన్సో మాత్రం ఎవరినీ ముట్టుకోకుండా బుట్ట కింద నిలబడ్డాడు. రెనాంతె అతని నెత్తిమీంచి వేస్తూనే ఉన్నాడు. సగం ఆటయ్యేసరికి శాన్ తెల్మో ముందుంది. ఉర్బానో ముందు వరసలో కొడుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని మనుషులిద్దరు ఉత్త చేతులతో కాకుండా జెర్సీల కింద ఏదో దోపుకుని బెంచి మీంచి లేచి ఒళ్లు విరుచుకుంటున్నారు. ఆఖరి క్వార్టర్ మొదలవుతుంటే కపితాన్ గట్టిగా, అందరికీ వినబడేలా, "కుంపారే!" అని పిలిచాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

పోన్సో తల ఊపాడు.

రెనాంతె బంతితో దూసుకొచ్చి గాల్లోకి లేచాడు. పోన్సో ఎదురెళ్లి వాణ్ణి నడుం దగ్గర రెండు చేతులతో కావలించుకుని అలాగే నేలకేసి కొట్టాడు. ఇద్దరూ కలిసి సిమెంటు మీద పడిన చప్పుడుకి జనం నోళ్లు మూతబడ్డాయి. మరుక్షణం రెనాంతె మోకాలు పట్టుకుని కేక పెట్టాడు. ఆ కేక విన్నవాళ్లెవరికీ అనుమానం మిగల్లేదు. అదిగో, అయిపోయింది, అనుకున్నారు. కపితాన్ కొడుకుని ఎత్తి గాల్లో ఎగరేశాడు.

డెల్ఫిన్ కళ్లకి ఇంకేమీ కనబడలేదు. కుంపారే అడిగితే కాదనడం ఉండదు. ఆ మాటే బుర్రలో గంటలా మోగుతోంది. రిఫరీ బల్ల దగ్గరి ఇనుప కుర్చీ మడిచి పట్టుకుని పరిగెత్తాడు. పోన్సో అప్పుడే మోచేతి మీద లేస్తూ ఏదో చెప్పబోతూ అన్నవైపు మొహం తిప్పాడు. డెల్ఫిన్ కుర్చీని రెండు చేతులతో తిప్పి ఆ మొహం మీద కొట్టాడు. కుర్చీ కాలు ఎడమ కంట్లో దిగింది. మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకి పోన్సో చేతులు అడ్డం కూడా పెట్టుకోలేదు. ఆ తరవాత శాన్ తెల్మో మగవాళ్లందరూ వచ్చిపడ్డారు. ఆ మనిషి పుట్టిన పేట, అతను కాపాడిన పిల్లలు, అందరూ తన్నారు. నుదురు చిట్లిన నాడు ఎవడికోసం పోన్సో ఒక దవడ విరిచాడో ఆ కుర్రాడు కూడా తన్నాడు. పంతలాన్ వాళ్లు కర్రలతో వచ్చి పడేదాకా తన్నారు. ఇక అప్పుడు జరిగినదాన్ని కొట్లాట అనడానికి లేదు. రేకుల కప్పు మీంచి మనుషులు రాలారు. పోలీసులు గాల్లోకి కాల్చాక గానీ ఆగలేదు.

ఆసుపత్రి వరండాలో రెనాంతెని పడుకోబెట్టారు. డెల్ఫిన్ నెత్తురు చేతులతో పక్కన కూలబడి, కుర్రాడి మోకాలు మెల్లగా తడిమి చూశాడు. వాపు లేదు. గీత కూడా లేదు. కుర్రాడు అటూ ఇటూ చూసి, అతని చొక్కా పట్టుకుని దగ్గరకి లాగాడు.

"కోచ్, నాకేం కాలేదు. ఆయనే నా కిందపడ్డాడు. నన్ను గుండెలకి అదుముకుని వీపు మీద పడ్డాడు. పడుతూ చెవిలో చెప్పాడు, మోకాలు పట్టుకుని ఏడువ్, లేవకు, లేస్తే ఆ ఇద్దరూ ఇనుప రాడ్లతో వస్తారని. నేను ఏడిచా. మీరు వస్తుంటే కూడా ఏడుస్తూనే ఉన్నా. ఆపితే చూసేస్తారని..." కుర్రాడు ఇప్పుడు నిజంగా ఏడ్చాడు. "చెప్పాల్సింది కోచ్. మీరు కొడుతుంటే చెప్పాల్సింది."

డెల్ఫిన్‌కి ఆ వరండాలోని జనమంతా ఎక్కడికో వెళ్లిపోయినట్టయింది. కుంపారే మాట తమ్ముడు దాటలేడనుకున్నాడు. వాడు అందరి కళ్లకీ ఆ మాట చెల్లించినట్టు కనబడి, కుర్రాడి కాలు దక్కించాడు. ఆ చుట్టరికాన్ని తగిలించిందీ తనే, దానికి తమ్ముడు లొంగిపోయాడని నమ్మిందీ తనే. దేవుడా, వాడు ఏదో చెప్పబోతుంటే కదా కొట్టాను, అనుకున్నాడు. గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. పక్కవాళ్లు, కుర్రాడి కాలు పోయిందని ఏడుస్తున్నాడనుకుని ఓదార్చారు.

మర్నాడు వార్డులోకి వెళ్లాడు. పోన్సో మొహం సగం కట్టు కింద ఉంది. ఎడమ కన్ను తీసేశారు. ఉర్బానో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తన చేత్తో గంజి తాగిస్తున్నాడు. గది నిండా పంతలాన్ వాళ్లే, పళ్లు, పూలు, నూడుల్స్ గిన్నెలు. ఉర్బానో చెంచా పక్కన పెట్టి లేచాడు.

"ఎందుకొచ్చావ్? రెండో కన్ను కోసమా?"

"నా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడాలి కపితాన్."

"నీ తమ్ముడా? నువ్వు మార్చుకున్నావయ్యా! నా మాటకోసం కన్నిచ్చినవాడు వీడు. నా కొడుక్కి జ్ఞానతండ్రి. ఏం మాట్లాడతావో ఇక్కడే మాట్లాడు, మేమూ వింటాం."

డెల్ఫిన్ నోరు తెరిచాడు. తప్పయిపోయిందిరా అనాలి. దేనికి తప్పో చెప్పాలి. చెబితే ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుస్తుంది, రెనాంతె మోకాలు గుండ్రాయిలా ఉందనీ, కుంపారే కపితాన్‌ని మోసం చేశాడనీ. అది తెలిసిన సాయంత్రానికి పోన్సో సముద్రంలో తేలతాడు. కుర్రాడి కాలు విరగ్గొట్టినందుకు తమ్ముణ్ణి కొట్టిన అన్నగానే అతను ఈ గది దాటి వెళ్లాలి.

తెరిచిన నోరు మూసుకున్నాడు. పోన్సో ఉన్న ఒక్క కంటితో అతన్ని చూశాడు, చాలాసేపు చూశాడు. తరవాత అందరికీ వినబడేలా, "పొమ్మనండి కుంపారే. నాకు అన్న లేడు" అని గోడవైపు తిరిగాడు.

ఉర్బానో మనుషులు డెల్ఫిన్‌ని మెట్లమీంచి కిందికి తోశారు. ఒక పన్ను ఊడింది. అతనికి నొప్పి కూడా తెలియలేదు.

కొట్లాటలో ఆగిపోయిన సెమీఫైనల్‌ని నిర్వాహకులు మళ్లీ ఆడించారు. రెనాంతె బెంచి మీద కూర్చున్నాడు, తొడనుంచి పిక్కదాకా కట్టుతో. ఆ కట్టు రోజూ డెల్ఫినే స్వయంగా కట్టేవాడు, డాక్టర్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. పిల్లలు ఓడిపోతున్నారు, చిత్తుచిత్తుగా ఓడిపోతున్నారు.

"కోచ్, ఒక్క క్వార్టర్ ఆడనివ్వండి. గెలిపించేస్తా" అని రెనాంతె పళ్ల మధ్యనుంచి అన్నాడు.

"నోర్మూసుకుని కుంటు."

"ఎన్నాళ్లు?"

డెల్ఫిన్ వంగి వాడి కట్టు ఇంకాస్త బిగించాడు. వెనకనుంచి శాన్ తెల్మో ఆడవాళ్లు చేతులు తిప్పుతూ అరిచారు. "ఈ కుంటోడి కోసమా తమ్ముణ్ణి ఇచ్చుకుంది? ఆహా, ఏం బేరం చేశావయ్యా డెల్ఫిన్! జట్టు కట్టావా, పాడె కట్టావా?" ఎవడో గుడ్డు విసిరితే చెవి మీద పగిలింది. తుడుచుకోలేదు. మిలాకి ఒక్కదానికే నిజం తెలుసు. ఆమె కూడా అందరితో కలిసి అరిచింది, అరవకపోతే అనుమానమొస్తుందని.

ఎదురుగా పంతలాన్ బెంచి పక్కన పోన్సో కూర్చుని ఉన్నాడు, కపితాన్ కొడుకు అతని ఒళ్లో ఉన్నాడు. వాడు కంటి కట్టును పీకుతుంటే పోన్సో మెల్లగా ఆ చిన్న వేళ్లు విడదీస్తున్నాడు. నాకు అన్న లేడన్న మాట కపితాన్ కోసం అన్నాడా, మనసులోంచే అన్నాడా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు, డెల్ఫిన్ ఇంకెన్ని గుడ్లయినా భరిస్తాడు. ఆటంతా అటే చూస్తూ కూర్చున్నాడు. పోన్సో ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఉర్బానో బతికున్నంతకాలం ఆ మాట అడగడానికి వీల్లేదు.

ఉర్బానో ఆ రోజు కప్పు గెలిచినంత సంబరంతో, కుర్రాడిలా ఎగిరి గంతేస్తున్నాడు.